దండెం మీది ఫిల్టరు కాగితం

ఆ రోజు భానుమూర్తి "సాయంత్రం ఐదింటికి ఇంకో పార్టీ వస్తున్నారండీ, మీ ఇష్టం మరి" అనే ముక్క అనకుండా ఉంటే తన బామ్మర్ది యోగేందర్ బతికే ఉండేవాడని కోదండం నమ్మకం. ఈ సంగతి ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. పళ్లు తోముకుంటూ అనుకున్నాడు, బండి కింద పడుకుని నట్లు విప్పుతూ అనుకున్నాడు, అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా అనుకున్నాడు. అనుకున్నప్పుడల్లా కడుపులో కాస్త చల్లబడేది. ఒక కప్పు చాయ్ తాగినంతసేపు ఆ చల్లదనం నిలిచేది. తర్వాత మళ్లీ మొదలు.

భానుమూర్తిది తెనాలి వైపు. ఇరవై ఏళ్ల కిందట వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో సెకండ్ హ్యాండు కార్ల వ్యాపారం పెట్టుకున్నాడు. రేకుల గోడ చాటున పది పన్నెండు బండ్లు, ఒక టేబులు, ఒక దేవుడి పటం. పెద్ద పేరున్నవాడు కాదు, చెడ్డపేరు ఉన్నవాడూ కాదు. బండి నచ్చిన మనిషి ఇంకా సందేహిస్తుంటే, "ఎల్బీ నగర్‌లో కోదండం గారికి చూపించుకోండి, ఆయన సరే అంటేనే కొనండి" అని తనే పంపేవాడు.

కోదండానికి అంత పేరు ఉండేది. పోచంపల్లి పక్కన ఒక పల్లెలో సాలెవాళ్ల ఇంట పుట్టి, ఏడో తరగతితో బడి మానేసి, నాన్న మగ్గం అమ్ముడుపోయిన ఏడాది పట్నం వచ్చినవాడు. లారీ క్లీనరుగా మొదలై మెకానిక్ అయ్యాడు. సాగర్ రింగ్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే సందులో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని ముప్పై ఏళ్లు ఇనుముతోనే బతికాడు. పిల్లలు లేరు. భార్య రాజమ్మ తమ్ముడు యోగేందర్‌ను పదో ఏట నుంచి ఇద్దరూ కొడుకులాగే పెంచారు. వెనకేసుకున్న ఆస్తి అంటే అల్మాస్‌గూడలో కొన్న జాగా ఒక్కటే. ఆదివారాలు వెళ్లి అందులో మొలిచిన సర్కారు తుమ్మలు నరికి వచ్చేవాడు. కింద తామిద్దరూ పైన యోగేందర్ సంసారమూ ఉండేలా ఒక ఇల్లు వేయాలన్నది ఆలోచన.

పాత బండి కొనేటప్పుడు అందరూ బానెట్ ఎత్తుతారు, స్టార్ట్ చేసి పొగ చూస్తారు, టైర్లు తంతారు. కోదండం అవేవీ పెద్దగా పట్టించుకునేవాడు కాదు. "బండిని కడగొచ్చు, పాలిష్ కొట్టొచ్చు, మీటరు వెనక్కి తిప్పొచ్చు. ఆయిల్ ఫిల్టరు లోపలి కాగితాన్ని మాత్రం ఎవడూ కడగడు" అనేవాడు. ఇంజిన్ లోపల ఏది అరిగినా దాని రజను ఆయిల్లో కలిసి తిరిగి తిరిగి చివరికి ఆ కాగితం మడతల్లోనే దాక్కుంటుంది. ఆ కాగితం చదవడం వస్తే ఇంజిన్ ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పొచ్చు.

దానికి ఆయన పద్ధతి ఆయనకుంది. ఫిల్టరు డబ్బాను రంపంతో కోసేవాడు కాదు. కోస్తే రంపపు పొట్టే లోపల పడి అబద్ధపు సాక్ష్యం చెప్తుంది. ఉలి అంచు మీద పెట్టి చుట్టూ చిన్నగా కొట్టి మూత లేపేవాడు. లోపలి కాగితపు చుట్టను బయటికి తీసి, ఆ మడతలన్నీ విప్పి, కిరోసిన్‌లో ఒక్కసారి జాడించి, షెడ్డులో కట్టిన దండెం మీద ఆరేసేవాడు. విప్పితే రెండు గజాల పొడవు వచ్చేది, చీర అంచులాగా. చిన్నప్పుడు ఇంట్లో రంగులద్దిన నూలు ఆరేసినట్టే ఆరేసి, ఒక రోజంతా ఎండనిచ్చేవాడు. మర్నాడు పొద్దున ఏటవాలు ఎండలో దాన్ని అటూ ఇటూ వంచి చూసేవాడు. నల్లని మసి అయితే మామూలే. ఇనుప పొట్టు ఉంటే అయస్కాంతానికి అంటుకుంటుంది. అసలు భయపడాల్సింది రాగిరంగు మెరుపు కనిపించినప్పుడు. ఇంజిన్ అడుగున ఉండే బేరింగు పైపొర అరిగిపోయి లోపలి పొర బయటపడితే ఆ మెరుపు వస్తుంది. అది అయస్కాంతానికి అంటుకోదు. తడి మీద కనిపించదు. ఎండాక, ఎండలో పెడితేనే కనిపిస్తుంది.

"అది కండ్ల వడ్డదంటే ఆ బండి మొహం జూడొద్దు" అని యోగేందర్‌కు తనే ఎన్నోసార్లు చెప్పాడు.

ఆ ఏడాది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు డిపోలు దాటలేదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం వెలిసింది. కోదండమూ పని లేనప్పుడు వెళ్లి కాసేపు కూర్చుని నినాదాలిచ్చి వచ్చేవాడు. హయత్‌నగర్, చౌటుప్పల్, నల్లగొండ వెళ్లాల్సినవాళ్లు మూటలతో రోడ్డు మీద నిలబడి ఏ బండి కనపడితే ఆ బండికి చెయ్యి ఎత్తేవాళ్లు. అప్పటిదాకా ఊళ్లోవాళ్ల బండ్లు నడిపి జీతం తీసుకున్న యోగేందర్‌కు సొంత బండి కావాలన్న ఆరాటం పట్టుకుంది.

భానుమూర్తి దగ్గర తెల్లరంగు ఏడు సీట్ల డీజిల్ బండి ఉంది. దాన్ని పొద్దున పదకొండింటికి షెడ్డుకు తెచ్చారు. భానుమూర్తీ వచ్చాడు. కోదండం కిందికి దూరి ఫిల్టరు తిప్పబోతే తిరగలేదు. ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంది. చివరికి డబ్బాకు అడ్డంగా స్క్రూడ్రైవరు గుచ్చి, దాన్ని పట్టుకుని తిప్పితే వచ్చింది.

"పాత పట్టు బట్టిందిరా" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

యోగేందర్ ఎడమకాలి చెప్పు ఈడుస్తూ షెడ్డంతా చరక్ చరక్‌మని తిరిగాడు. నోట్లో ఎప్పుడూ సోంపు గింజలే. కాగితం విప్పి జాడించి దండెం మీద వేశాక పావుగంట కూడా ఆగలేకపోయాడు.

"ఎండిందా బావా?"

"ఇప్పుడే గదరా ఏసింది."

"మబ్బు బట్టింది. గిది రేపటిదాంక గూడ ఎండది."

"రేపు చూద్దాం. తొందరేంది?"

అప్పుడే భానుమూర్తి వాచీ చూసుకుని ఆ మాట అన్నాడు. "సాయంత్రం ఐదింటికి ఇంకో పార్టీ వస్తున్నారండీ, మీ ఇష్టం మరి."

యోగేందర్ మొహం మాడిపోయింది. బావ చెయ్యి పట్టుకున్నాడు. "బావా, రేపు బంద్ ఉంటదో ఏముంటదో. ఈడ ఒక్క దినం పోతే నాకు ఎంత లుక్సాన్ తెల్సా? నీకు చెయ్యి పెడితె తెలుస్తది గదా. జర చూడరాదూ?"

చెయ్యి పెడితే తెలుస్తుందన్న మాట కోదండానికి నచ్చింది. భానుమూర్తి ముందర అది ఇంకా నచ్చింది. దండెం దగ్గరికి వెళ్లి తడి కాగితాన్నే వేళ్ల మధ్య రుద్దాడు. గరుకు తగల్లేదు. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని పైనుంచి కిందికి జరిపాడు. ఏమీ అంటుకోలేదు. నల్లని తడి తప్ప కళ్లకు ఏమీ కనపడలేదు. ఆయన తల ఊపాడు.

"మంచిగుంది. తీస్కో."

యోగేందర్ బావను ఎత్తుకుని గిరగిరా తిప్పినంత పని చేశాడు. కొత్త ఫిల్టరు బిగించి, కొత్త ఆయిల్ పోసి పంపించారు. కాగితం దండెం మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఆ కాగితం కోదండం నెత్తి మీదే వేలాడింది. రెండో రోజుకే ఎండింది. ఆయన దాని కింద నుంచే స్పానర్లు పట్టుకుని తిరిగాడు. ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు. చెప్పాల్సింది చెప్పేశాక మళ్లీ చూసేదేముందని ఆయన లెక్క. సాయంత్రాలు యోగేందర్ ఫోను చేసేవాడు, వెనక ప్రయాణికుల మాటలు వినపడుతుండేవి.

"బావా, ఎండిందా?"

అది వాడికి పరాచికం అయిపోయింది. కోదండం కూడా నవ్వేవాడు. "ఎండింది, ఎండింది. నువ్వు బండి నడుపుకోరా."

"చూసినవా మరి?"

"చూసిన. నిమ్మలంగ పో."

చూడలేదు. రెండుసార్లు అలా చెప్పాడు. మూడుసార్లేమో కూడా.

రాజమ్మ వాకిట్లో తంగేడుపూలు వరుసలు పేరుస్తూ బతుకమ్మ చేసుకుంటున్న మధ్యాహ్నం ఫోను వచ్చింది. చౌటుప్పల్ దాటాక రోడ్డు మధ్యలో ఇంజిన్ ఒక్కసారిగా పట్టేసింది. సన్నని వాన. యోగేందర్ జనాన్ని దించి పక్కకు పంపించాడు. వెనక వచ్చేవాళ్లకు కనపడాలని బండి వెనకాల రాళ్లు పేర్చడానికి వంగాడు. లారీ ఆగలేదు. ప్రయాణికుల్లో ఒక్కరికీ గీత పడలేదు.

దవాఖానలో శవాల గది బయట చుట్టాలు, ఆటోల వాళ్లు, శిబిరం దగ్గరి కుర్రాళ్లు గుమిగూడారు. ఆటో యూనియన్ సైదులు కోదండం భుజం మీద చెయ్యి వేసి అడిగాడు. "అన్నా, ఏమనుకోకు. బండి నువ్వే చూసినవంట గదా? ఇంజిన్ ఎట్ల పట్టేసింది?"

మూలన వాణి, యోగేందర్ భార్య, మూడేళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఆమె కూడా తల ఎత్తి చూసింది. రాజమ్మ చూసింది. అందరి కళ్లూ ఒక్కసారి కోదండం మీద పడ్డాయి. అప్పటిదాకా తనకే తెలియని మాట నాలుక చివరికొచ్చి నిలబడింది.

"భానుమూర్తి మోసం జేసిండు. బండి నాకు తెచ్చేముందే పాత ఫిల్టరు పీకి కొత్తది పెట్టిండు. కొత్త కాగితంల ఏం కనబడతది?"

"గా ఆంధ్రోడా?" అన్నాడు సైదులు.

కోదండం అవుననలేదు. కాదనలేదు. ఆ రోజుల్లో ఆ ఒక్క మాటే చాలు.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో భానుమూర్తి బండ్ల అద్దాలు ఒక్కటీ మిగల్లేదు. రేకుల గోడ పడిపోయింది. దేవుడి పటం రోడ్డు మీదికి వచ్చింది. ఆయన అదే రాత్రి పెళ్లాంపిల్లలను ఊరికి పంపించి ఎక్కడో చుట్టాల ఇంట్లో తలదాచుకున్నాడని కోదండం చెవిన పడింది. "మంచిగైంది" అన్నాడు పైకి. లోపల కూడా అలాగే అనుకోవడానికి గట్టిగా ప్రయత్నించాడు.

పదకొండో రోజు కర్మ అయ్యాక వెళ్లి షెడ్డు తాళం తీశాడు. మిట్టమధ్యాహ్నం. రేకులకున్న మేకు కన్నాల్లోంచి ఎండ సన్నని కడ్డీల్లా దిగుతోంది. అందులో ఒకటి సరిగ్గా దండెం మీద పడింది. నల్లని కాగితం మడతల్లో సన్నగా, చిక్కగా, పైనుంచి కిందిదాకా రాగిరంగు మెరుపు. వాళ్ల నాన్న పట్టుచీర అంచుకు వేసిన జరీ కూడా ఎండలో అలాగే మెరిసేది.

కోదండం అలాగే నిలబడిపోయాడు. వెనక నుంచి చెప్పు ఈడ్చిన చప్పుడు. చరక్. చరక్. సోంపు వాసన గుప్పున కొట్టింది.

"ఎండిందా బావా?"

తిరిగి చూస్తే ఎవరూ లేరు. గేటు వేసే ఉంది. బయట సందులో ఒక కుక్క నీడకు పడుకుని ఉంది.

కాగితాన్ని దండెం మీంచి లాగి, చుట్టి, స్పానర్ల పెట్టె అడుగున పెట్టి తాళం వేశాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ చప్పుడు. ఆ మర్నాడూ. కోదండం పన్నెండింటికే షెడ్డు మూసేసి రోడ్డు మీదికి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. అయితే అది రోడ్డు మీదికీ వచ్చింది. చాయ్ బండి దగ్గర నిలబడితే పక్కనే సోంపు వాసన. కంచంలో పప్పు కలుపుతుంటే మెతుకుల మధ్య రాగిరంగు తళుకు. తలస్నానం చేశాక అరచేతులు చూసుకుంటే గీతల్లో మెరుపు. సబ్బుతో రుద్దినా, కిరోసిన్‌తో రుద్దినా పోదు. ఇంకెవరికీ కనపడదు.

దండెం తాడు విప్పి పారేశాడు. మర్నాడు వచ్చేసరికి తాడు కట్టిన రెండు కొక్కేల మధ్య ఖాళీలో ఏదో మెల్లగా ఊగుతున్నట్టు నేల మీద నీడ పడింది. బయట ఆకు కూడా కదలడం లేదు.

ఎవరైనా పాత బండి తెచ్చి ఫిల్టరు చూడమంటే ఉలి పక్కన పెట్టేసేవాడు. "నా తోని కాదు, వేరే దిక్కు పోండ్రి" అనేవాడు. నెలన్నరలో మనిషి సగమైపోయాడు. తమ్ముడు పోయిన దుఃఖమే తన మొగుడినీ తినేస్తోందని రాజమ్మ అనుకుంది. ఇద్దరి కోసమూ ఏడ్చింది.

చలికాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం భానుమూర్తే షెడ్డుకు వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు.

"కోదండం గారూ, గొడవకి రాలేదండీ. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. ఆ ఫిల్టరు రాకపోతే మీరు స్క్రూడ్రైవరు గుచ్చి తిప్పారు. నేను ఇక్కడే ఉన్నాను. కొత్తగా బిగించిన ఫిల్టరు అంత గట్టిగా పట్టేస్తుందా అండీ?"

కోదండం స్పానర్ల పెట్టెకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు.

"అద్దాలు పోతే పోయాయండీ. రేపు నేను మళ్లీ కొట్టు తెరిస్తే నన్ను దొంగ అంటారు. ఆ అమ్మాయి కూడా నన్ను అలాగే అనుకుంటోంది కదా, మొగుణ్ని చంపినవాడినని. మీరు ఒక్క మాట చెప్తే..."

"నీ తొందర వల్లనే గదనయ్యా వాడు సచ్చింది!" కోదండం అరిచాడు. "ఇంకో పార్టీ, ఇంకో పార్టీ అని నెత్తి మీద కూసుంటివి! పో ఈడికెళ్లి! సైదులును పిలుస్తా సూడు!"

భానుమూర్తి వెళ్లిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు సందు చివర ఆగిపోయింది. ఇంకో చప్పుడు ఆగలేదు. చరక్, చరక్‌మంటూ గేటు దాటి లోపలికి వచ్చింది, స్పానర్ల పెట్టె దాకా వచ్చి నిలిచింది.

"చూసినవా మరి?"

ఫోనులో అడిగిన గొంతే. నవ్వు కూడా అదే. తిట్టి ఉంటే, ఏడ్చి ఉంటే కోదండం తట్టుకునేవాడు. వాడు ఇంకా పరాచికం ఆడుతూనే ఉన్నాడు, ఇంకా నమ్ముతూనే ఉన్నాడు. కోదండం పెట్టె తాళం తీసి, కాగితపు చుట్టను చొక్కా లోపల పెట్టుకుని, షెడ్డు తలుపులు బార్లా వదిలేసి ఇంటికి నడిచాడు.

రాజమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆయన ఆమె ఎదుట కూర్చుని చుట్ట విప్పాడు. ఎండ పడింది.

"ఇదేందయ్యా, జరీ పట్టెనా? గిట్ల మసి గొట్టుకపోయిందేంది?" రాజమ్మ వేలితో రాసి చూసింది. ఆమెదీ సాలెవాళ్ల ఇల్లే.

"నీ తమ్ముని బండి ఫిల్టరుది. పాతదే. భానుమూర్తి మార్చలేదు. నేను ఎండనీయక చెప్పిన. తర్వాత పదకొండు దినాలు ఇది నా నెత్తి మీదనే ఉన్నది రాజమ్మా. చూడలే. చూసిన అని చెప్పిన వానికి."

రాజమ్మ వేలు కాగితం మీదే ఆగిపోయింది. తర్వాత చాట పక్కన పెట్టి, వేలికంటిన మసిని కొంగుకు తుడవకుండా చేతిని అలాగే పట్టుకుని లేచింది.

"వాణికి ఎవలు చెప్తరు?"

"నువ్వు..."

"నేనెందుకు చెప్త? నువ్వే చెప్పాలె. పా."

వాణి హయత్‌నగర్‌లో ఒంటి గది కిరాయికి ఉంటోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పనికి కుదురుకుంది. ఆ రోజు సెలవు. కోదండం జరిగిందంతా చెప్పాడు. రోజూ నలభై యాభై చీరల అంచులు చూసే మనిషి, కాగితాన్ని చేతిలోకి తీసుకుని అంచు నుంచి అంచుదాకా చూసింది.

"అన్నా, ఒక్కటి అడుగుత. ఆయన ఫోన్ చేసి ఎండిందా అని అడిగేటోడు గదా. నా ముంగటనే అడిగిండు ఒకపారి, బండిల కూసోని. అప్పుడు నువ్వు చూసి చెప్పినవా, చూడక చెప్పినవా?"

"చూడక."

వాణి కాగితాన్ని మళ్లీ చుట్టింది, దుకాణంలో చీర మడిచినట్టు జాగ్రత్తగా. "ఆయనకు నీ మాటంటే దేవుని మాట. ఇంట్ల ఉప్పు తక్కువైనా బావను అడుగుదాం అనేటోడు." అంతవరకే అనగలిగింది. పిల్ల వచ్చి కొంగు లాగితే ఎత్తుకుంది.

కోదండం మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "నా ముంగట ఏడ్వకన్నా" అంది ఆమె. "నీ ఏడుపు నేనేం జేసుకోవాలె? ఆ పెద్దమనిషి దుకాణం పోయింది నీ నోటికి. పోయి సైదులన్నకు చెప్పు. అందరి ముంగట చెప్పు."

అల్మాస్‌గూడ జాగా మాట ఎత్తింది రాజమ్మే. పిల్ల పేరు మీద పెడతామంది. వాణి వద్దనలేదు. "ఇస్తె తీసుకుంట వదినె. నాకు సిగ్గు లేదు, పిల్ల ఉన్నది. గని సాక్షి సంతకం భానుమూర్తి సారుతోటే పెట్టియ్యాలె. ఆయన లేకుంటె నాకు వద్దు."

చౌరస్తాలో నలుగురి ముందు కోదండం చెప్పినప్పుడు సైదులు తన చేతులు చూసుకున్నాడు. "మా చేతులతోని పగలగొట్టిపిచ్చినవ్ గదనే" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అన్నా అని పిలవలేదు. ఆ మాట ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పాకింది. కోదండం షెడ్డుకు పాత బండి తెచ్చేవాడు లేకుండా పోయాడు.

భానుమూర్తిని అడగడానికి రాజమ్మ వెళ్లింది. ఆయన రానంటాడనుకున్నారు. ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల దగ్గర ఇస్త్రీ చొక్కాతో అందరికన్నా ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు.

నంబరు పిలిచేదాకా ఇద్దరూ ఒకే బల్ల మీద రెండు కొసలా కూర్చున్నారు. కోదండం నోరు ఆపుకోలేకపోయాడు. తప్పు ఒప్పుకున్నా ఆ ముల్లు మాత్రం లోపలే ఉంది.

"ఒక్క పూట ఆగనిస్తివి కాదు. ఇంకో పార్టీ అంటివి."

భానుమూర్తి చేతిలోని పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు. "ఇంకో పార్టీ లేరండీ" అన్నాడు చివరికి. "ఎవరూ లేరు. అమ్ముకునేవాళ్లం ఊరికే అనే మాట అది. ప్రతి బండికీ అంటాను. రేపు చూస్తానని మీరు గట్టిగా అంటే సరే అనేవాడిని. మీరు అనలేదు. అనలేదని మీ మీద వేయడం లేదండీ. నాకూ నిద్ర పట్టడం లేదు."

కోదండం ఆయన మొహం చూశాడు. ఇన్నాళ్లూ చాయ్ తాగినంతసేపు చల్లదనం ఇచ్చింది ఆయన మీది కోపమే. ఆయన తప్పు ఆయనే ఒప్పుకున్నాక దాన్ని ఎత్తుకుని తిరగడానికి చోటు లేకుండా పోయింది. ఏం చేయాలో తోచక ఆయన చేతిలోని పెన్ను తీసుకుని, మూత సరిగ్గా బిగించి, తిరిగి ఇచ్చాడు.

నంబరు పిలిచారు. గుమస్తా సిరా దిండు ముందుకు తోసి కోదండం బొటనవేలు చూసి మొహం చిట్లించాడు. ముప్పై ఏళ్ల ఆయిల్ మసి గీతల్లో కూరుకుపోయి ఉంది. "చెయ్యి తుడుచుకో పెద్దమనిషీ, ముద్ర సరిగ పడదు" అంటూ గుడ్డ ఇచ్చాడు. తుడుచుకున్నాడు. మసి కొంత వచ్చింది. మెరుపు పోలేదు. వాణి పిల్లను ఎత్తుకుని అటు పక్క నిలబడింది. రాజమ్మ ఎవరి వైపూ చూడకుండా కిటికీ వైపు చూస్తోంది. భానుమూర్తి సాక్షి గడిలో సంతకం చేసి కాగితాల మీద ఊదాడు, సిరా ఆరడానికి.

అప్పుడు వినపడింది. ఆ రద్దీలో, అంతమంది చెప్పుల చప్పుళ్ల మధ్య, ఒకే ఒక్క ఎడమకాలి చెప్పు. చరక్. సోంపు వాసన.

"ఎండిందా బావా?"

కోదండం ఈసారి వెనక్కి తిరగలేదు. సంతకాల మీది సిరా వైపు వంగి, ఎండ పడే దిక్కుకు తల తిప్పి, నిదానంగా చూశాడు. చూశాకే చెప్పాడు.

"ఎండిందిరా."

"ఏమన్నవ్?" గుమస్తా తల ఎత్తాడు. "గివన్నీ కాదు పెద్దమనిషీ. ఇష్టపూర్వకంగ ఇస్తున్నవా? ఏ ఊర్ల, ఎంత జాగ? నీ నోటితోని చెప్పు."

కోదండం గుమస్తా వైపు తిరిగాడు.

"అల్మాస్‌గూడల. తూర్పు ముఖం. నూట అరవై ఏడు గజాలు."